‘వ్యవసాయం’ అని రాసి ఊరుకోకండి

పొద్దున పేపరు రాగానే ముందు మరణవార్తల పేజీ తిప్పే వయసు నాది. పెరంబూరు ఐసీఎఫ్‌లో నాతో పనిచేసినవాళ్ళు ఒక్కొక్కరే ఆ పేజీలోకి వచ్చేస్తున్నారు. మద్రాసు చేరి యాభై ఏళ్ళు దాటింది కాబట్టి తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడు పేపర్లూ చూస్తాను. మూడింట్లోనూ పద్ధతి ఒకటే. ఫొటో, పేరు, వయసు, దాని కింద రిటైర్డ్ ఫలానా. చీఫ్ ఇంజనీరు, బ్యాంకు మేనేజరు, హెడ్మాస్టరు. ఉద్యోగం చేసినవాడికి పోయాక కూడా హోదా ఉంటుంది. రైతు పోతే ఆ వరసలో రాయడానికి ఏమీ ఉండదు.

మా పెదనాన్న పోయినప్పుడు నాలుగు లైన్ల ప్రకటన ఇద్దామని ఒక పత్రిక ఆఫీసుకు వెళ్ళాను. కౌంటర్లో కుర్రాడు మర్యాదస్తుడే. ‘‘ఏం చేసేవారు సార్?’’ అన్నాడు. వ్యవసాయం అన్నాను. ‘‘రిటైర్డ్ అని వెయ్యాలా?’’ అన్నాడు. రైతుకు రిటైర్మెంటేంటయ్యా అని నవ్వి, వద్దన్నాను. ‘‘ఇంకేమైనా రాయమంటారా?’’ అని అతనే మళ్ళీ అడిగాడు. ఎడ్లతో బండ లాగించేవాడు అని చెప్పాను. అతను కాసేపు ఆలోచించి ‘‘క్వారీ కాంట్రాక్టరా సార్?’’ అన్నాడు.

అతణ్ణి అని ఏం లాభం? చెన్నైలో పుట్టి పెరిగిన కుర్రాడు. మన పేపర్లు చదివి రైతు ఎలా ఉంటాడో తెలుసుకున్నవాడు. గిట్టుబాటు ధర కోసం రోడ్డెక్కితే రైతు కనిపిస్తాడు. తుఫానుకు పంట పడిపోతే, గట్టు మీద తల పట్టుకుని కూర్చున్న ఫొటోలో కనిపిస్తాడు. పురుగుల మందు తాగితే రెండు కాలమ్‌ల వార్త అవుతాడు. ఎనభై ఎనిమిదేళ్ళు బతికి, ముగ్గురు ఆడపిల్లల్ని చదివించి, అప్పు చేసీ తీర్చీ, కోడెలను పెంచి, తిరునాళ్ళలో పందెం గెలిచి, నిద్రలో పోయిన రైతుకు మాత్రం అచ్చులో చోటు లేదు.

బండలాగుడు అంటే తెలియనివాళ్ళ కోసం కాస్త చెబుతాను. సంక్రాంతి, శివరాత్రి, ఉగాది, ఊరి దేవుడి తిరునాళ్ళు... గుంటూరు, ప్రకాశం, కృష్ణా జిల్లాల వైపు ఇప్పటికీ ఏదో ఒక ఊళ్ళో ఈ పోటీ జరుగుతూనే ఉంటుంది. చదును చేసిన నేల మీద క్వింటాళ్ళ బరువున్న రాతి బండ. దానికి మోకు, మోకుకు కాడి, కాడి కింద ఒంగోలు గిత్తల జత. ఇచ్చిన నిమిషాల్లో బండను ఆ చివరి నుంచి ఈ చివరికి, మళ్ళీ ఈ చివరి నుంచి ఆ చివరికి ఎన్ని అడుగులు లాగితే అంత. పళ్ళను బట్టి విభాగాలు: పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన సీనియర్లు. విభాగాన్ని బట్టి బండ బరువు పెరుగుతుంది. ఊరంతా చుట్టూ నిలబడి అరుస్తుంది, మైకులో ఒకాయన ఆగకుండా చెబుతూనే ఉంటాడు. మీటర్లు వచ్చి ఇన్నేళ్ళయినా ఈ లెక్క మాత్రం అడుగుల్లోనే సాగుతోంది.

మా పెదనాన్న ప్రాణం ఇక్కడుండేది.

ఇలాంటి రైతులు నాకు ఇంకో దేశంలోనూ ఎదురయ్యారు. మా చిన్నమ్మాయి కెనడాలో సస్కాచెవాన్ రాష్ట్రంలో ఉంటుంది. గోధుమ చేల దేశం. శీతాకాలం అక్కడ నెలల తరబడి పొలంలో పని ఉండదు, నేల గడ్డకట్టుకుపోతుంది. ఓ చలికాలం మేము అక్కడ ఉన్నప్పుడు ఇంట్లోంచి కదలలేక వాళ్ళ ఊరి వారపత్రిక తెగ చదివాను. అలవాటు కొద్దీ మరణవార్తలే ముందు. ఆశ్చర్యపోయాను. ఫలానా రైతు, ఇన్ని ఎకరాలు అనే వివరంతో వాళ్ళు ఆగలేదు. భార్యను ఎక్కడ కలిశాడు, మనవళ్ళకు ఏం నేర్పాడు, ఏ కూర అంటే ఇష్టం, ఏ ట్రాక్టరును తిట్టుకుంటూనే ఎన్నేళ్ళు నడిపాడు, అన్నీ రాశారు. చాలామంది రైతుల విషయంలో ఒక మాట తప్పకుండా ఉంది: కర్లింగ్ అంటే ప్రాణం.

ఈ కర్లింగ్ ఏమిటా అని అమ్మాయిని అడిగితే ఊళ్ళో రింకుకు తీసుకెళ్ళింది. షెడ్డు లాంటి హాలు, నేలంతా మంచు. గుండ్రటి గ్రానైట్ రాయి, పైన పిడి. రాయి బరువు 20 కిలోలకు కాస్త తక్కువ. ఒకాయన మోకాలు వంచి జారుతూ ఆ రాయిని మెల్లగా వదులుతాడు. అది దాదాపు నలభై మీటర్ల దూరంలో ఉన్న వలయాల వైపు పోతూ ఉంటే, ఇద్దరు చీపుళ్ళు పట్టుకుని దాని ముందు మంచును రుద్దుతూ పరిగెడతారు. రుద్దితే మంచు కాస్త వేడెక్కి రాయి ఇంకొంచెం దూరం, ఇంకొంచెం తిన్నగా పోతుందట. స్కాట్లాండులో గడ్డకట్టిన చెరువుల మీద అయిదు వందల ఏళ్ళ కింద పుట్టిన ఆట. అక్కడి నుంచి వలసపోయినవాళ్ళు కెనడాకు తీసుకుపోయారు. ఒలింపిక్స్‌కు వాడే రాళ్ళు ఇప్పటికీ స్కాట్లాండు తీరం దగ్గర ఏల్సా క్రెయిగ్ అనే ఒక చిన్న దీవి గ్రానైటుతోనే చేస్తారట. మనుషులుండరు, పక్షులుంటాయి, రాయి ఉంటుంది. 1998 నాగానో నుంచి ఒలింపిక్స్‌లో దీనికి పతకాలిస్తున్నారు. ఆ ఏడాది మొదటి మహిళల బంగారు పతకం తెచ్చిన శాండ్రా ష్మిర్లర్ కూడా ఈ సస్కాచెవాన్‌లోనే బిగ్గర్ అనే చిన్న ఊరి పిల్ల అని అమ్మాయి చెప్పింది.

ఆ హాల్లో నా పక్కన కూర్చున్నవాళ్ళంతా రైతులే. చేతులు చూస్తే తెలిసిపోతుంది, ఏ దేశమైనా. రాయి వదిలిన పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. ఆయన రాయి పోతుంటే వీళ్ళంతా ముందుకు వంగి, ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. మా తిరునాళ్ళలో బండ కదిలేటప్పుడు సరిగ్గా అలాగే చూస్తారు. వాళ్ళ రాయి మంచు మీద పోతుంది, మాది మట్టి మీద. వాళ్ళ ఆటలో బలం కంటే లెక్క ఎక్కువ, మా ఆటలో బలమూ లెక్కా రెండూ ఎద్దువే. చూస్తున్న మనిషి ముఖం మాత్రం ఒకటే.

ఇంకో సంగతి కూడా నాకు నచ్చింది. చీపురు పొరపాటున రాయికి తగిలితే, తగిలినవాడే చెయ్యెత్తి చెబుతాడట. అంపైరు చూడకపోయినా సరే. ఆ మాట విన్నాక నాకు మా ఊరి పక్క తిరునాళ్ళ ఒకటి గుర్తొచ్చింది. కొలత పట్టినవాడు పెదనాన్న జతకు ఒక రౌండు ఎక్కువ కలిపేశాడు. మైకులో రెండో బహుమతి అని పేరు చదివారు. ఈయన కండువా దులుపుకుంటూ పోయి, ‘‘లెక్క తప్పింది, మళ్ళీ చూసుకోండయ్యా’’ అన్నాడు. చూసుకున్నారు, నాలుగో స్థానానికి పడిపోయాడు. ఇంటికొచ్చాక పెదమ్మ అంది: ‘‘ఆ నోరు కాసేపు మూసుకుని ఉంటే నీ సొమ్మేం పోయిందయ్యా?’’ పెదనాన్న ఎడ్లకు కుడితి పెడుతూ, ‘‘ఇవి లాగనిది లాగాయని చెప్పుకుంటే ఇవేమనుకుంటాయే?’’ అన్నాడు.

అది తమాషాకు అన్న మాట అనుకునేవాణ్ణి. కాదు. నిజంగానే ఎడ్లు ఏమనుకుంటాయో అని ఆలోచించే మనిషి ఆయన.

మా నాన్న నా చిన్నతనంలోనే పోయాడు, నన్ను పెంచింది పెదనాన్నే. మా ఊరు ఒంగోలు దగ్గర, గుండ్లకమ్మ వైపు. ఆయన పుట్టేటప్పటికి అది మద్రాసు రాజధానిలో గుంటూరు జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 1970లో ఒంగోలు జిల్లా, 1972లో ప్రకాశం జిల్లా. ఇంటి గుమ్మంలోంచి కదలకుండా ఇన్ని చిరునామాలు మారినవాడు ఆయన. నల్లరేగడి మీద పొగాకు, శనగ, కంది, ఓ చెక్కలో జొన్న. జొన్న ఎందుకంటే చొప్ప కోసం. ఇంట్లో బియ్యం తింటున్న రోజుల్లో కూడా జొన్న మానలేదు.

పొద్దున నాలుగింటికి లేచేవాడు. ముందు పశువుల కొట్టంలోకి, ఆ తర్వాతే ముఖం కడుక్కోవడం. ఉలవలు నానబెట్టి ఉడకేసి, తవుడు, పత్తిగింజల పిండి కలిపి పెట్టేవాడు. పోటీలకు నెల ముందు నుంచి జతను ఏటి ఇసుకలో నడిపించేవాడు. ఇసుకలో నడిచిన ఎద్దుకు కాళ్ళు గట్టిపడతాయని ఆయన లెక్క. చెరువులో నీళ్ళుంటే ఈత కొట్టించేవాడు. కోడెదూడను కొనడానికి సంతకు పోతే పూటంతా చూసేవాడు. ముందు నడక, తర్వాత గిట్ట, తర్వాత మూపురం, గంగడోలు, చివరికి కళ్ళు. పెదమ్మ ఈ మాట పెళ్ళిళ్ళలో పదిమంది ముందూ చెప్పేది: ‘‘నన్ను పెళ్ళిచూపుల్లో ఎంతసేపు చూశాడో నాకు గుర్తులేదు. దూడను మాత్రం పొద్దుగూకేదాకా చూస్తాడు.’’

ఒక తిరునాళ్ళలో ఆయన జతకు మూడో బహుమతిగా సీలింగ్ ఫ్యాను వచ్చింది. అప్పటికి మా ఇంట్లో ఫ్యాను లేదు. పెదనాన్న దాన్ని తెచ్చి కొట్టంలో బిగించాడు. పెదమ్మ ఆయనతో ఎన్నాళ్ళు మాట్లాడలేదో నేను చెప్పను. మరుసటి వేసవికి ఇంట్లోకీ ఒకటి వచ్చింది, పొగాకు డబ్బుతో. కొట్టంలోది మాత్రం కొట్టంలోనే ఉంది.

ఇంతా చేసి ఆయన పిచ్చివాడేం కాదు. రెండో కూతురికి నర్సింగులో సీటు వచ్చిన ఏడాది పొగాకు ధర పడిపోయింది. ఆకు ఆరబెట్టే బ్యారన్‌లో కాల్చిన కట్టెల ఖర్చు కూడా రాలేదు. అప్పుడాయన దగ్గరున్న జత చుట్టుపక్కల మండలాల్లో పేరున్నది. ఎవరికీ చెప్పకుండా బేరం పెట్టి అమ్మేసి ఫీజు కట్టాడు. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు తిరునాళ్ళకు పోతే ఊరికే చూడ్డానికే పోయేవాడు. అమ్మిన ఎద్దులు వేరే వాడి కాడి కింద లాగుతుంటే బరి పక్కన నిలబడి వాటి పేర్లు పెట్టి పిలిచేవాడట. కొన్నవాడు అభ్యంతరం చెప్పలేదు, ఆయన పిలిస్తే అవి ఇంకో నాలుగడుగులు ఎక్కువ లాగేవి మరి. ఆ కూతురు ఇప్పుడు ఒంగోల్లో నర్సు. బాకీ తీర్చానని తనే ఆయనకు పాలపళ్ళ దూడలు రెండు కొనిచ్చింది.

ఆయన ములుగర్ర పట్టడం నేను చూడలేదు. పోటీల్లో ఎడ్లను పొడిచేవాళ్ళు, తోక మెలితిప్పేవాళ్ళు, సారా పట్టించేవాళ్ళు ఉన్నారని అందరికీ తెలుసు. వాళ్ళ గురించి మాట వస్తే ఆయన ముఖం చిట్లించేవాడు. ‘‘ఎద్దు ఆగిందంటే అయిపోయింది, అదే విజిలు’’ అనేవాడు. జంతు ప్రేమికులు బండలాగుడు వద్దంటే నాకు కోపం రాదు, వాళ్ళు చూసింది నిజమే. ఆ హింసను ఆపాల్సిందే. పోటీ నడిపేవాళ్ళు బరిలోకి ములుగర్రను రానివ్వకూడదు, ప్రతి జతనూ పశువైద్యుడు చూడాలి, ఎండ ఎక్కితే ఆపాలి. కానీ ఒకటి ఆలోచించండి. ట్రాక్టరు వచ్చాక కోడెదూడ వల్ల రైతుకు పైసా రాదు. పాలకు ముర్రా గేదె ఉంది. ఇక మగదూడ ఎందుకు బతకాలి? మా వైపు చాలా కొట్టాల్లో ఒంగోలు గిత్త ఇంకా నిలబడి ఉందంటే ఈ బండ వల్లే. ఆటను పూర్తిగా తీసేసి జాతిని కాపాడతామనేవాళ్ళు కొట్టంలో ఒక్క కోడెను కట్టేసి ఏడాదిపాటు మేపి చూడాలి.

2017 జనవరిలో పెదనాన్న మా ఇంట్లోనే ఉన్నాడు, కంట్లో శుక్లం తీయించుకోవడానికి వచ్చి. అంతకు ముందు 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టునూ ఎడ్లబండి పందేలనూ నిషేధించింది కదా. దానికి వ్యతిరేకంగా మెరీనాలో జనం చేరారు. టీవీలో చూసి, ‘‘నన్ను అక్కడికి తీసుకుపోరా అబ్బాయ్’’ అన్నాడు. కన్నుకు ఇంకా కట్టు ఉంది. వద్దన్నా వినలేదు. ఐస్ హౌస్ ఎదురుగా, వివేకానంద ఇల్లం అంటారే, అక్కడ ఇసుక కనపడనంతగా కుర్రాళ్ళు. రాత్రి కాగానే అందరూ సెల్‌ఫోన్ లైట్లు వేశారు. ఒక కంటితోనే చాలాసేపు చూశాడు.

‘‘ఈ పిల్లలందరికీ ఇంట్లో ఎద్దులున్నాయా?’’ అన్నాడు.

‘‘లేవు పెదనాన్నా. చాలామంది కంప్యూటర్ ఉద్యోగాలవాళ్ళు.’’

‘‘మరెందుకు వచ్చారు?’’

వాళ్ళ తాతలకు ఉండేవని, అందుకని వచ్చారని చెప్పాను. ఆయనకు జల్లికట్టు అంటే పెద్ద ఇష్టం లేదు. పరిగెత్తే ఎద్దు మూపురం పట్టుకుని వేలాడటం ఆయన దృష్టిలో ఆట కాదు. అయినా ఆ రాత్రి ‘‘మన ఎద్దు కోసం మనోళ్ళు ఒక్క పూటయినా ఇట్లా కూర్చున్నారంట్రా?’’ అని అడిగాడు. లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇంకో వారంలోపే తమిళనాడు ఆర్డినెన్స్ తెచ్చింది, తర్వాత చట్టమూ చేసింది. 2023 మే 18న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ చట్టం చెల్లుతుందని చెప్పింది. తమిళులు తమ ఎద్దు కోసం రోడ్డు మీదికి వచ్చారు, కోర్టులో నిలబడ్డారు. ఆ ఎద్దు గురించి రాయడం మాత్రం వాళ్ళు ఎప్పటి నుంచో చేస్తున్నారు. కంగాయం ఎద్దు గురించి, ఊరి మాట్టుప్పొంగల్ గురించి తమిళ పత్రికలు రాసినంతగా మన గిత్త గురించి మనం రాయలేదు. ఈ మాట అంటే మనవాళ్ళకు కోపం వస్తుంది. రానివ్వండి.

ఐస్ హౌస్ సంగతి కూడా ఆ రాత్రే ఆయనకు చెప్పాను. 1840ల్లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి అమెరికాలో చెరువుల మీది మంచును కోసి, ఓడల్లో తెచ్చి ఆ భవనంలో దాచి మద్రాసులో అమ్మేవాడు. ‘‘చెరువును కోసి అమ్మాడా!’’ అని ఆ వ్యాపారానికి ఆయన చాలాసేపు నవ్వాడు. తర్వాత మెల్లగా నడుచుకుంటూ శ్రమ విజయం విగ్రహం దాకా పోయాం. దేబీప్రసాద్ రాయ్ చౌధురి మలిచిన నలుగురు మనుషులు పెద్ద బండను కదిలించడానికి ఒంచిన నడుములతో ఉంటారు కదా, 1959లో పెట్టిన విగ్రహం. మద్రాసులో నేను చూపించిన వాటిల్లో ఆయనకు నచ్చింది అదొక్కటే. చుట్టూ తిరిగి కాళ్ళు ఎలా పెట్టారో చూశాడు. ‘‘వెనకవాడు సరిగ్గా ఆన్చలేదు, జారతాడు’’ అన్నాడు.

ఆయన పోయాక పెట్టె తెరిస్తే పొగాకు వేలం చీటీల కట్టలు బయటపడ్డాయి. పొగాకు బోర్డు పుట్టింది 1976లో. వేలం కేంద్రాలు వచ్చిన తర్వాత ప్రతి అమ్మకానికీ చీటీ ఇస్తారు. ముందువైపు బేలు నంబరు, గ్రేడు, కిలోలు, ధర. చాలా చీటీల మీద ఆ ధర చూస్తే కడుపు తరుక్కుపోతుంది. వెనకవైపు పెదనాన్న పెన్సిలు రాత. ఊరు పేరు, తిరునాళ్ళ, తన జత పేర్లు, బండ ఎన్ని క్వింటాళ్ళు, ఎన్ని నిమిషాలు, ఎన్ని అడుగులు. గెలిచిన జత ఎవరిది, దాని తల్లి ఏ ఊరి ఆవు. కొన్నిటి మీద ఒక్కో మాట: ‘ఎండ’, ‘ఎడమది కుంటింది, ఆపేశా’, ‘పిల్లకు జ్వరం, పోలేదు’. కొన్ని దశాబ్దాల లెక్క అది. ఏ పశుసంవర్ధక శాఖ దగ్గరా ఇంత వివరం ఉంటుందని నేను అనుకోను.

మన పత్రికలకు రైతు జీవితంలో కనిపించేది ఆ చీటీ ముందువైపే. ధర, అప్పు, నష్టం. అది రాయొద్దని నేననను. 1990ల నుంచి జాతీయ నేర గణాంకాల సంస్థ రైతుల ఆత్మహత్యల్ని విడిగా లెక్కపెడుతోంది, ఆ లెక్కను జనం ముందు పెట్టినవాళ్ళకు చేతులెత్తి మొక్కాలి. వాళ్ళలో ముందు వరసలో ఉన్న పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్ ఈ మద్రాసులోనే తెలుగు కుటుంబంలో పుట్టినవాడు, వి.వి.గిరి మనవడు. ఆయన 2014లో మొదలుపెట్టిన ‘పరి’ వెబ్‌సైట్‌లో పల్లెల చావులతోపాటు పల్లెల బతుకులూ ఉంటాయి. చేనేత, పాట, వంట, ఆట, అన్నీ. కాబట్టి చేయలేని పనేం కాదు. మన జిల్లా పేజీలకు ఆ రెండో వైపు తిప్పి చూసే ఓపిక లేదు, అంతే.

తిప్పి చూడకపోతే ఏం పోతుందో బ్రెజిల్‌ను చూస్తే తెలుస్తుంది. మన ఒంగోలు పశువులనే వాళ్ళు నెల్లోర్ అంటారు. పందొమ్మిదో శతాబ్దంలోనే ఓడలెక్కి పోయాయి. 1960ల మొదట్లో ఒంగోలు పక్క కరవది అనే ఊరి పేరుతో ఒక గిత్త అక్కడికి చేరింది. దాని సంతానం పేర్లన్నీ అక్కడ వంశవృక్షాల్లో ఉన్నాయి. వాళ్ళ నోట కర్వాడి అయిన ఆ పేరు చెబితే బ్రెజిల్ పశువుల కాపరులు చెవులు రిక్కిస్తారు, ఒంగోలు కాలేజీ పిల్లలకు మాత్రం అది బస్సు వెళ్ళే ఒక ఊరు. 2023లో బ్రెజిల్‌లో వయాటినా-19 అనే నెల్లోర్ ఆవులో మూడో వంతు వాటాను వేలం వేస్తే, ఆ లెక్కన మొత్తం ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటింది. ప్రపంచంలోనే ఖరీదైన ఆవని గిన్నిస్‌వాళ్ళు రాసుకున్నారు. మన పేపర్లన్నీ ఆ వార్త వేశాయి, ‘మన ఒంగోలు ఆవే’ అని గర్వంగా. ఆ ఆవు ముత్తాతల్ని మేపిన రైతుల పేర్లు ఒక్క పేపరూ వేయలేదు. వెయ్యాలన్నా ఎక్కడున్నాయి? వాళ్ళు రాసి పెట్టుకున్నారు, మనం పెట్టుకోలేదు.

మనం బొత్తిగా మరిచిపోయామని కాదు. 2002లో హైదరాబాదులో జాతీయ క్రీడలు జరిగినప్పుడు వాటి చిహ్నంగా ఒంగోలు గిత్తనే పెట్టారు, వీర అని పేరు. గుంటూరు దగ్గర లాం ఫారంలో శాస్త్రవేత్తలు ఈ జాతి మీద పనిచేస్తున్నారు. నెల్లూరు జిల్లా చింతలదేవిలో కేంద్రం దేశీ పశువుల సంతానోత్పత్తి కేంద్రం పెట్టింది. బొమ్మకూ వీర్యానికీ చోటు దొరికింది. మేపినవాడికే దొరకలేదు.

లాం శాస్త్రవేత్తలకు నా మాట ఒకటుంది. మా పెదనాన్న చీటీల్లాంటివి మా వైపు ఇంకా చాలా ఇళ్ళల్లో ఉంటాయి. పంచాంగాల అంచుల్లో, గోడల మీద బొగ్గుతో, పాత డైరీల్లో. ఏ ఆవుకు పుట్టిన కోడె ఎంత లాగిందో, ఎన్నేళ్ళు పనిచేసిందో అందులో ఉంది. ఆ ఇళ్ళు కూలగొట్టి డాబాలు వేసేలోపు ఎవరైనా పోయి ఫొటోలు తీసుకోవాలి. నా దగ్గరున్నవి ఇస్తాను, అడిగితే చాలు.

పత్రికల సంపాదకులకు ఇంకొకటి. జిల్లా పేజీలో రోజుకు ఒక రైతు మరణవార్త వెయ్యండి, డబ్బు తీసుకోకుండా. నూరు మాటలు చాలు. ఎన్ని ఎకరాలో, ఏ పార్టీయో రాయకపోయినా పర్వాలేదు. ఏం పండించాడు, ఎవరిని చదివించాడు, దేనికి నవ్వేవాడు, ఏ ఆటకు పరిగెత్తేవాడు, అవి రాయండి. కొందరిది కోలాటం, కొందరిది చెడుగుడు, కొందరిది పద్యనాటకంలో తెర వెనక హార్మోనియం, కొందరిది ఎడ్లు. విలేకరికి పని పెరుగుతుందని అంటారేమో. ఊరి కమ్యూనిటీ హాలు రిబ్బన్ కత్తిరింపుకు మనిషిని పంపగలిగినప్పుడు దీనికీ పంపొచ్చు.

చదివేవాళ్ళకు చివరి మాట. మీ ఇంట్లో, మీ ఊళ్ళో ఎనభై దాటిన రైతు ఉంటే ఈ పండక్కి పోయినప్పుడు పక్కన కూర్చోండి. పంట గురించి అడిగితే ధరలు చెప్పి నిట్టూరుస్తాడు. ఆట గురించి అడగండి. ఎద్దుల పేర్లు, అడుగుల లెక్క, ఓడిన పందెం, అన్నీ చెబుతాడు. కాగితం మీద రాసుకోండి, తేదీ వెయ్యండి. ఆయన పోయిన రోజు ఆ కాగితం మీ జిల్లా విలేకరికి ఇవ్వండి. వేసుకోకపోతే మర్నాడు మళ్ళీ ఇవ్వండి.